అమ్మాయి నొక్కే ‘అవును’

ముంబయి కామాఠిపురలో మా చాల్, అంటే వరస గదుల పాత మేడ, మూడో అంతస్తులో నా గది పొడవు పన్నెండడుగులు, వెడల్పు పది. కిటికీ పక్కన కంప్యూటర్. మేస్త్రీలు గోడల కొలతలు ఫోన్‌లో పంపిస్తే ఎన్ని ఇటుకలు, ఎన్ని బస్తాల సిమెంటు పడతాయో లెక్కకట్టి చెప్పడం నా పని. బడిలో ఎనిమిదో తరగతి దాకానే చదివాను. మిగతా లెక్కంతా కట్టడాల మీద నేర్చుకున్నదే. ఇప్పుడు దానికొక పాత ప్రోగ్రాం వాడతాను. తెరిచిన ప్రతిసారీ తెర మసకబారి, నడుమ ఒక ప్రశ్న వస్తుంది: ఈ యాప్‌ను మీ పరికరంలో మార్పులు చేయనివ్వాలా? దాని కిందే ఇంకో వరుస: ప్రచురణకర్త తెలియదు.

ఆ ప్రశ్నకు ‘అవును’ నొక్కే హక్కు పోయిన వానాకాలం నా చేతిలోంచి పోయింది. తప్పు నాదే. ఒకరోజు వైరస్ పడిందని, ఫలానా నంబరుకు ఫోన్ చేయమని తెర మీద ఎర్రటి అక్షరాలు వచ్చాయి. నేను రాసి ఉన్నదాన్ని నమ్మే మనిషిని. ఫోన్ చేసి, వాళ్లు చెప్పినచోటల్లా ‘అవును’ నొక్కాను. సాయంత్రానికి తొమ్మిదేళ్ల కొలతల ఫైళ్లలో ఒక్కటీ తెరుచుకోలేదు. పెళ్లయి డోంబివలిలో ఉంటున్న మా అమ్మాయి ఆదివారం వచ్చి, అంతా తుడిచి కొత్తగా ఎక్కించి, నన్ను మామూలు వాడుకరిగా పెట్టింది. ‘అవును’ నొక్కడానికి కావలసిన పాస్‌వర్డ్ తన దగ్గరే ఉంచుకుంది.

అప్పటినుంచి పని ఉన్న రోజు పది దాటాక తనకు ఫోన్ చేసేవాణ్ని. తను తన ల్యాప్‌టాప్‌లోంచి నా తెర మీదికి వచ్చేది. కానీ నా కంప్యూటర్ భాష తెలుగు. తను చదివింది మరాఠీ బడిలో, తెలుగు అక్షరాలు రావు. అందుకని నేను చదివి వినిపించాలి.

“పరికరం అంటే ఏంది నాయిన? అదేం కూర?”

“కంప్యూటరే బిడ్డా.”

“మరి సీదా అట్లనే రాయొచ్చు కదా. ప్రచురణకర్త అంటే?”

“దాన్ని తయారుచేసినోడు. ఎవరో తెల్వదంటుంది.”

“మన చాల్‌లనే ఎవడో అయ్యుంటడు. సగం మంది ఏం పని చేస్తరో నాక్కూడ మాలూమ్ లేదు.”

అప్పుడు తెర మీద బాణం దానంతటదే కదిలేది. పాస్‌వర్డ్ గడిలో నల్లచుక్కలు ఒక్కొక్కటే పడేవి, తర్వాత ‘అవును’. నేను మౌస్ మీంచి చెయ్యి తీసి చూస్తూ కూర్చునేవాణ్ని. తేదీ, కారణం, నిమిషాలు ఒక నోటుపుస్తకంలో రాసేవాణ్ని. నాలుగు నెలల్లో అరవై మూడు ఫోన్లు.

దీపావళి అయ్యాక ఒకరోజు వచ్చి నన్నే నిర్వాహకుణ్ని చేసింది.

“ఇగ నీ కంప్యూటర్‌కు నువ్వే మాలిక్. ఎర్ర అక్షరాలొస్తే మాత్రం వైరు గుంజెయ్.”

తర్వాత పన్నెండు రోజులు నేనే ‘అవును’ నొక్కుకున్నాను. రెండు సెకన్ల పని. పుస్తకంలో రాయడానికి ఏమీ లేదు. తను ఒక్కసారి ఫోన్ చేసింది, తిన్నావా అని అడిగి, లోకల్ రైలు వచ్చిందని పెట్టేసింది. నేనూ చేయవచ్చు. కానీ ఏం మాట్లాడాలి? పని లేకుండా ఫోన్ చేయడం వాళ్లమ్మకు వచ్చేది. ఆమె పోయి మూడేళ్లు.

పదమూడో రోజు కంప్యూటర్‌లో ఖాతాల అమరికల్లోకి, అంటే సెట్టింగుల్లోకి, వెళ్లాను. నా పేరు కింద ‘నిర్వాహకుడు’ అని ఉంది. దాన్ని ‘ప్రామాణిక వాడుకరి’గా మార్చే వీలుంది. ఒకసారి దిగితే నా అంతట నేను మళ్లీ ఎక్కలేను. రెండుసార్లు చదివి, మార్చాను. ఆశ్చర్యంగా, ఈసారి కంప్యూటర్ నన్ను ఏమీ అడగలేదు.

మరునాడు ప్రోగ్రాం తెరిస్తే పాస్‌వర్డ్ గడి వచ్చింది. ఫోన్ చేశాను.

“నిన్ను మాలిక్ చేసిన గదా నాయిన? ఎట్ల పోయింది?”

“ఏమో బిడ్డా. మళ్ల నీ పాస్‌వర్డే అడుగుతుంది.”

అమరికలు వాటంతటవి మారవని తనకు నాకన్నా బాగా తెలుసు.

“సరే, ఏం రాసిందో చదువు,” అంది. “మెల్లగ చదువు.”

చదివాను. ఆ రోజు పుస్తకంలో నిమిషాల గడిలో పదకొండు అని రాశాను. కారణం గడి వదిలేశాను.