తెర మీద లేని మరకలు

మొన్న సాయంత్రం మా చిన్నమ్మాయి భోజనాల బల్ల దగ్గర లాప్‌టాప్ ముందు కూర్చొని, పని మధ్యలో చున్నీ కొసతో తెరను తుడవడం, కాసేపటికి మళ్లీ తుడవడం చూసి, చదువుతున్న పత్రిక పక్కన పెట్టి లేచాను. కళ్లు మండుతున్నాయని ఆమె కొన్నాళ్లుగా అంటూనే ఉంది, ఇంటి నుంచి ఉద్యోగం చేసేవారిలో ఆ మాట అననివారు అరుదు కనుక అందులో ఆశ్చర్యమేమీ లేదు. నన్ను లేపింది ఆ తుడవడం. మరక ఎక్కడుందో వేలితో చూపమని, చూపు పక్కకు తిప్పితే అదీ కదులుతుందేమో చెప్పమని, ఒక కన్ను మూసి ఒకసారి, రెండో కన్ను మూసి ఒకసారి చూడమని అడిగాను. "రిటైరైనంక గూడ ప్రాక్టికల్స్ బంద్ చెయ్యవా డాడీ?" అని నవ్వింది గానీ, అడిగినట్టే చేసింది. ఆమె అరచేతితో కన్ను మూసుకున్న ఆ క్షణంలో నాకు మా చిన్నమ్మ కనిపించింది.

డిగ్రీ కాలేజీలో భౌతికశాస్త్రం చెబుతున్న తొలి ఏళ్లలో, వరంగల్ పక్కన సుబేదారిలో, ఆఫీసుల వెనుక వీధిలో మా చిన్నమ్మా చిన్నాయనా ఒక గది అద్దెకు తీసుకొని, కంప్యూటర్ మీద పెండ్లి పత్రికలు తయారుచేసే పని పెట్టారు. చిన్నమ్మ మా అమ్మకు చెల్లెలైనా నాకంటే కొద్ది ఏళ్లే పెద్ద. ఆనాటి మానిటరు మన తరం వారికి గుర్తుండే ఉంటుంది: మనిషి మోయలేనంత బరువు, ముందువైపు ఉబ్బెత్తు గాజు, అంచుల దగ్గర గీతలు కాస్త వంగి కనిపించడం దానికి సహజగుణం. సాయంత్రం కాలేజీ కాగానే నేను వెళ్లి ప్రూఫులు దిద్దేవాణ్ణి, ఎందుకంటే ఎదుటివారి తప్పులు వెదకడం నాకు అప్పటికే అలవాటైపోయింది. శిలువ గుర్తుతో మొదలయ్యే మా చర్చివాళ్ల పత్రికలూ, వినాయకుడి బొమ్మతో మొదలయ్యే పత్రికలూ ఒకే యంత్రంలోంచి, చుట్టూ ఒకే జంట గీతల బార్డరుతో వచ్చేవి. ఆ బార్డరంటే చిన్నమ్మకు ప్రాణం. "పేరు తప్పుపోతే పెండ్లోల్లు చూస్తరు, గీత తప్పుపోతే నేనే చూడాలె" అనేది.

ఆమెకు చిన్నప్పటి నుంచీ మందపాటి కళ్లద్దాలు. పెండ్లిళ్ల కాలంలో పొద్దంతా తెర ముందు కూర్చుంటే సాయంత్రానికి కళ్లు మండేవి, నీరు కారేది, నుదురు బరువెక్కేది. నిద్రపోయి లేస్తే తగ్గేది, ఆదివారం దాని ఊసే ఉండేది కాదు. రెప్ప వేయడం మరచి ఒకేచోట చూస్తూ కూర్చుంటే ఎవరికైనా కలిగే అలసట అది. చిన్నాయన జాలిపడి, మానిటరు ముందు తగిలించే నల్లద్దం ఒకటి తెచ్చాడు. కళ్లను కాపాడుతుందనడానికి ఆధారమేమిటని నేనడిగితే, అమ్మినవాడు చెప్పాడన్నాడు. ఆ తరువాత కొన్నాళ్లకు, అద్దం మీద నల్లటి నలుసులు పడుతున్నాయని చిన్నమ్మ గుడ్డతో తుడవడం మొదలుపెట్టింది. పక్కనుంచి ఏదో తళుక్కుమంటే, తెర కొట్టుకుంటున్నదనేది. నలుసులకు అద్దం, తళుకులకు మానిటరు, మంటకు పని, ఇలా ప్రతిదానికీ తగిన కారణం ఎదురుగానే ఉండడంతో, కంటిని అనుమానించే అవసరం మాలో ఎవరికీ రాలేదు.

ఒక ఆదివారం ఆరాధన నడుమ ఆమె ముఖం ముందు ఈగను తోలినట్టు పలుమార్లు చెయ్యి విసిరింది. బయటికి వచ్చాక, "షాపుల మరకలు సాలనట్టు చర్చిల ఈగలురా, పాస్టరు ఎనుక గోడ నిండ అవ్వే" అంది. ఆ తెల్లగోడను నేనూ అంతసేపూ చూశాను. ఒక్క ఈగ లేదు. అక్కడ మానిటరు లేదు, నల్లద్దం లేదు, పని లేదు. తెర వల్ల వచ్చింది తెరకు దూరమైతే తగ్గాలి కదా, మరి ఇది వెంట ఎందుకు వచ్చింది? వెంటనే దవాఖానకు పోదామంటే ఆమె వినలేదు. "నర్సంపేట పత్రికలు రేపియ్యాలె. అవ్వైనంక నీ ఇష్టం."

మరునాడు కాలేజీకి సెలవు పెట్టి వెళ్లేసరికి గదిలో పంచాయితీ నడుస్తోంది. బార్డరు కుడిగీత నడుమ వంగిందని చిన్నమ్మ; ఎంత సరిచేసినా ఆమెకు వంకరగానే ఉందని విసిగిన మానిటరు మెకానిక్కు; పక్కన, పత్రికల కోసం నర్సంపేట నుంచి వచ్చిన పెండ్లికూతురి తండ్రి. "నాకైతె సక్కగనే అగుపడుతున్నదమ్మా, జర ఇచ్చెయ్యరాదు, లగ్గం దాటిపోయేటట్టున్నది" అని ఆయన బతిమాలుతున్నాడు. నేను ఒక కాగితం ప్రింటు తీయించి ఆమె చేతికిచ్చాను. ఇందులో కూడా వంకరే అంది. "అంటే ప్రింటర్ గూడ ఖరాబైందా?" అని చిన్నాయన తల పట్టుకుంటే అందరం నవ్వాం. కాగితాన్ని తలకిందులు చేసి పట్టుకోమన్నాను. వంపు కాగితంలో ఉంటే ఇప్పుడు ఎడమ వైపుకు పోవాలి. పోలేదు, ఆమె ఏ గీతను చూస్తే ఆ గీతే వంగింది. అప్పుడు ఒక్కొక్క కన్నే మూసి చూడమన్నాను. కుడి కన్ను మూస్తే గీత సక్కగా ఉంది. ఎడమ కన్ను మూస్తే వంకరగా ఉంది, పైగా ఒక పక్కనుంచి నీడ పరుచుకొస్తున్నట్టుంది. ఆమె కాగితాన్ని బల్ల మీద పెట్టి, "దాన్ని ఇడిసిపెట్టు బిడ్డా, దానికేం గాలే" అంది మెకానిక్కుతో.

ఆ మధ్యాహ్నమే వరంగల్‌లో కంటి డాక్టరు చుక్కలమందు వేసి చూసి, కంటి లోపల వెనుకవైపు ఉండే రెటీనా పొర చిరిగి ఊడివస్తున్నదని, ఆలస్యం చేయకుండా హైదరాబాద్ వెళ్లమని చెప్పారు. కంప్యూటరే చేసిందా అని చిన్నాయన అడిగితే, కాదని, అంత మందపు అద్దాలు అవసరమయ్యే కళ్లకు ఈ ముప్పు ఎక్కువని అన్నారు. ఆపరేషన్ జరిగింది. కన్ను దక్కింది, చూపు మాత్రం పూర్తిగా తిరిగి రాలేదు. తరువాత టైపు చేసే పని చిన్నాయన చూసుకుంటే, ఆమె పక్కన కూర్చొని ఎడమ కంటితో బార్డర్లు చూసేది.

ఒక్క మనిషి కథ దేనికీ రుజువు కాదని నాకు తెలుసు. కళ్ల ముందు నలుసులు చాలామందికి ఏ హానీ లేకుండానే కదులుతుంటాయి; ఉన్నట్టుండి కొత్తగా వచ్చినవీ, తళుకులతోనో నీడతోనో వచ్చినవీ వేరు. కన్ను మూసి చూసుకోవడం డాక్టరు పరీక్షకు బదులూ కాదు. నాకు ఆ గది నేర్పింది వేరొకటి: నిజమైన అలసట పక్కనే ఉన్నప్పుడు జబ్బుకు దాక్కోవడం తేలిక.

మా అమ్మాయి తెర మీది మరక తడిగుడ్డతో పోయింది. అది టీ చుక్క. ఆమె మంట కూడా సెలవు రోజున పోయి, పని రోజున వస్తుంది.

సుబేదారిలో ఆ గది ఇప్పుడు లేదు. పెండ్లి పత్రికలు ఫోనుకే వస్తున్నాయి, ఎవరూ ప్రూఫు దిద్దమని అడగడం లేదు. అయినా ఏ పత్రిక వచ్చినా, పేర్లు చదవడానికి ముందు ఒక కన్ను మూసి బార్డరు చూస్తాను, తరువాత రెండోది మూసి చూస్తాను. ఇప్పటి తెరల మీద గీతలన్నీ సక్కగానే ఉంటున్నాయి. సక్కగా లేవని మెకానిక్కును పిలిపించి పోట్లాడే మా చిన్నమ్మ పోయి చాలా ఏళ్లయింది.