అమ్మ చూడని రెండు గుట్టలు

మా అబ్బ, అంటే మా నాన్న, గద్వాలలో దర్జీ. మా వీధిలో ఆయన కుట్టిన బట్ట లేని ఇల్లు లేదు. అలాంటి మనిషి హజ్‌కు పోవాలని రెండు తెల్లబట్టలు కొనుక్కొచ్చి, వాటికి సూది తగలనివ్వకుండా పెట్టెలో దాచుకున్నాడు. ఆ యాత్రలో మగవాళ్ళు కుట్టు లేని బట్టే కట్టాలి. నవాబు కట్టినా అదే, కూలివాడు కట్టినా అదే. రేపు గోరీలోకి పోయేటప్పుడూ అలాంటిదే.

"బతుకంత కుట్టుకుంట కూసున్నోనికి కుట్టు లేని బట్ట కట్టే భాగ్యమొస్తే ఇగ ఏం గావాలె?" అని నవ్వేవాడు.

మా ఇంట్లో సగం ఉర్దూ, సగం తెలుగు. అమ్మ రాజోలి పిల్ల కాబట్టి తెలుగుపాలే ఎక్కువ. సాయంత్రం మిషన్ మీద గుడ్డ కప్పేశాక అబ్బ ఆమెకు హజ్ పద్ధతులు చెప్పేవాడు. కాబా చుట్టూ ఎందుకు తిరగాలి, అరఫాత్ మైదానంలో ఎందుకు నిలబడాలి, షైతానుకు రాళ్ళు వేయడమంటే మనలో ఉన్న దేన్ని కొట్టడం. అమ్మ బియ్యంలో రాళ్ళు ఏరుకుంటూ ఊఁ కొట్టేది. సఫా, మర్వా గుట్టల కథ దగ్గర మాత్రం చెయ్యి ఆగిపోయేది.

ఆ కథ మా వాళ్ళందరికీ తెలిసిందే. ఎడారిలో పసిబిడ్డ దాహంతో ఏడుస్తుంటే, బీబీ హాజ్రా నీళ్ళ కోసం ఆ రెండు గుట్టల మధ్య అటూ ఇటూ ఉరికింది. చివరికి బిడ్డ కాళ్ళ దగ్గరే జమ్‌జమ్ ఊట పుట్టింది. అందుకే హజ్‌కు పోయినవాళ్ళంతా అక్కడ ఆమె ఉరికినట్టే నడుస్తారు.

"ఆమె ఉరికిన కాడ నీళ్లు దొర్కలే, బిడ్డ కాడ దొరికినయి. ఉరుకుడు మన పని, ఇచ్చుడు ఆయన పని. గంతే దాని మతలబు" అనేవాడు అబ్బ.

అమ్మకు ఆ మతలబు ఎక్కేది కాదు. ఎలా ఎక్కుతుంది? నాకంటే ముందు పుట్టిన కొడుకు గత్తరలో, అదే కలరాలో, పోయాడు. గత్తర సోకినవాళ్ళకు నీళ్ళు పోస్తే వాంతులు, విరేచనాలు ఇంకా ముదురుతాయని ఆ రోజుల్లో అందరి నమ్మకం. అప్పుడప్పుడే మాటలొస్తున్న పిల్లవాడు "పానీ, పానీ" అని ఏడ్చాడు. ఇంట్లో పెద్దవాళ్ళు వద్దన్నారని అమ్మ తడిగుడ్డతో పెదవులు తుడిచిందే తప్ప గుక్కెడు పోయలేదు. పొద్దు వాలేసరికి ఆ గొంతు ఆగిపోయింది. చాలా ఏళ్ళకు దవాఖానలో ఒక డాక్టరు, గత్తరకు నీళ్ళే మొదటి మందు అని అబ్బతో అన్నాడట. అబ్బ ఆ సంగతి తెచ్చి ఇంట్లో చెప్పాడు. ఎందుకు చెప్పాడో! కొన్ని నిజాలు కడుపులో పెట్టుకుని చావాలి. ఎంతో మంచివాడైన మా అబ్బ మీద నాకు ఇప్పటికీ చల్లారని కోపం అదొక్కటే.

"ఆమెకు సుక్క నీళ్లు లేకుండె, ఉరికింది. నాకు కుండ నిండ ఉండె" అనేది అమ్మ. "ఆ గుట్టల కాడ నిలవడి వాణ్ణి మాఫీ అడుగుత. ఆడ అడిగితే ఇంటడేమో."

ఆమె హజ్ అంతా అదే. మిగతాదంతా అబ్బ కోసం.

పోయేముందు ఇల్లిల్లూ తిరిగి, తెలిసీ తెలియక చేసిన తప్పులు మాఫ్ చేయమని అడగాలి. మనుషులు వదలని తప్పు దేవుడూ వదలడంటారు. ఇద్దరూ అలాగే తిరిగారు. పక్కింటి రెడ్డోళ్ళ అవ్వ, "నా రైక బిగ్గట్ల కుట్టింది మాఫ్ జేస్తగని, మీ మక్కా గంగ నీళ్లు నాకు గూడ జర తెండి" అంది. అందరూ నవ్వారు. అమ్మ ఇంటికొచ్చి గడపలో కూలబడి, "అందర్ని అడిగిన. ఒక్కడే మిగిలిండు" అంది.

ఆడపిల్లనైన నన్ను ఆ అవ్వ దగ్గర వదిలి ఇద్దరూ రైలెక్కారు. బొంబాయి ముసాఫిర్‌ఖానాలో ఓడ కోసం పడిగాపులు పడ్డారు. అప్పటికే దేశాల మధ్య జంగ్ మొదలైంది. సముద్రం మీద భయమని, వాళ్ళు ఎక్కాల్సిన ఓడను ఆపేశారు. ఊరంతటితో మాఫీ చెప్పించుకుని, పూలదండలు వేయించుకుని పోయినవాళ్ళు, ఆ మూటలతోనే తిరిగొచ్చారు. అలా మధ్యలోంచి వచ్చినవాళ్ళను బొంబాయి హాజీలని ఎగతాళి చేస్తారు. మావాళ్ళనూ చేశారు. కుండకైతే మూకుడుంది, ఊరి నోటికి ఏ మూకుడు వేస్తాం? అబ్బ నవ్వేసి మిషన్ ముందు కూర్చున్నాడు. అమ్మ నవ్వలేదు.

"ఆగింది ఓడ గాదు. వాడే రావొద్దన్నడు" అంది.

జంగ్ ఇంకా నడుస్తుండగానే అబ్బ జ్వరంతో పోయాడు. శవానికి చుట్టే కఫనుకు గుడ్డ దొరకడమే కష్టమైన రోజులు. పెట్టెలో ఉన్న ఆ రెండు తెల్లబట్టలే ఆయనకు అక్కరకొచ్చాయి.

జంగ్ ఆగాక ఓడలు మళ్ళీ కదిలాయని తెలిసి, అమ్మ నన్ను వెంటబెట్టుకుని మసీదు మౌల్వీ సాబ్ దగ్గరికి పోయింది. ఆడమనిషి ఒంటరిగా హజ్‌కు పోరాదు. మొగుడో, తండ్రో, అన్నో, తమ్ముడో, కొడుకో తోడుండాలి. అమ్మకు తండ్రి లేడు, తోడబుట్టినవాళ్ళు లేరు. నాకింకా నికా కాలేదు, కాబట్టి అల్లుడూ లేడు. ఆయన పాపం మెత్తగానే అడిగాడు, "కొడుకులెవ్వరు లేరా అమ్మా?" అని.

అమ్మ కొంగు సర్దుకుని లేచింది. దారిలో, "వాడుంటే ఈపాటికి మీసాలొస్తుండె. వాడే తోల్కపోతుండె" అంది. దేవుడి మీద నాకు అంత కోపం మళ్ళీ ఎప్పుడూ రాలేదు.

మరుసటి ఏడు వనపర్తిలో ఉండే మా దూరపు చుట్టం ఒకాయన హజ్ చేసి వచ్చి, ఖర్జూరాలతో పాటు చిన్న సీసాలో జమ్‌జమ్ నీళ్ళు పంపాడు. వాటిని నిలబడి, కాబా వైపు తిరిగి, మనసులో కోరిక అనుకుని తాగాలి. అమ్మ అవ్వకు ఒక గుక్క ఇచ్చి, మిగతావి గిన్నెలో పోసుకుని, కొంగు కప్పి బయటికి నడిచింది. నేను వెంట పరుగెత్తాను. ఆమె పోయింది ఖబరస్తానుకు. మా ఆడవాళ్ళు గోరీల దగ్గరికి పోరు. నేను చూడని ఆ అన్నను అబ్బే చేతుల మీద మోసుకెళ్ళి, ఒక్కడే గుంత తీసి పెట్టొచ్చాడట. రాయి కూడా పాతలేదు. ఎన్ని వానలు కురిశాయో, నేలంతా చదునై తుమ్మచెట్లు మొలిచాయి.

అమ్మ ఒక దిబ్బ దగ్గర వంగింది. కాదనుకుని ఇంకో దిబ్బ దగ్గరికి పోయింది.

"ఏడ వెట్టిండో నీకేమన్న చెప్పిండా?" అని అడిగింది.

"నాకు తెల్వదమ్మా" అన్నాను. తెలిసిన ఒక్క మనిషీ అక్కడే కొత్త గోరీలో ఉన్నాడు.

ఆమె తుమ్మచెట్ల మధ్య ఆ కొస నుంచి ఈ కొసకు, ఈ కొస నుంచి ఆ కొసకు తిరిగింది. పోనుపోను అడుగులు ఉరుకులయ్యాయి. నేను చెయ్యి పట్టుకుని ఆపినప్పుడు కొంగు తీసి చూసుకుంది. గిన్నె ఖాళీగా ఉంది. ఎక్కడా ఒక్క చుక్క ఆమె పోయలేదు, దారిలో తొణికి పోయినవే అన్నీ.