కత్తి నూరని ఆదివారం

వరంగల్‌లో మండిబజారు వెనక సందుల్లోకి పోయి మౌలాలి ఇల్లేది అంటే ఎవరైనా చూపించేవారు. మసీదు పక్క పెంకుటిల్లు. బక్కపలచని మనిషి, గడ్డానికి మైదాకు ఎరుపు, భుజాన ఒక గుడ్డ సంచి, సంచిలో ఒక కత్తి. మేకలనూ కోళ్లనూ కోయడం ఆయన పని. అట్లని కసాయి అనుకునేరు, కాదు! ఆయనకు దుకాణం లేదు, తక్కెడ లేదు. పిలిచిన ఇంటికి పోతాడు, అల్లా పేరు చెప్పి ఒక్క కోత కోస్తాడు, కత్తి కడుక్కుంటాడు, ఇంటివాళ్లు ఆకులో చుట్టిచ్చిన మాంసం తీసుకొని వచ్చేస్తాడు. ఇరవై ఏడేండ్లుగా అదే ఆయన బతుకు.

పిలిచే ఇండ్లు చాలా మటుకు హిందువులవే. పరాయి ఊరివాళ్లకు చెప్తే నమ్మరు గాని, బోనమెత్తే ఇల్లాలు, మల్లన్నకు మొక్కే ఇల్లాలు, నుదుట రూపాయంత బొట్టు పెట్టుకున్న ఇల్లాలు, సాయబు కోయకపోతే మా పొయ్యి మీద కూర ఎక్కదని ఖరాఖండిగా చెప్పేది. దాన్ని వాళ్లు ‘బిస్మిల్లా చేపించుడు’ అనేవారు. ఎందుకట్లా అని అడిగితే ఎవరికీ తెలియదు, అడిగినవాణ్ణే వింతగా చూసేవారు. మౌలాలికీ తెలియదు. అడగాలని ఆయనకు ఎన్నడూ తోచలేదు కూడా.

ఎనభైల మొదట్లో ఒక యేడు హైదరాబాదులో గొడవలై కర్ఫ్యూ పెట్టారని రేడియోలో వచ్చింది. వరంగల్‌లో ఏమీ కాలేదు. ఏమీ కాకుండానే ఊరు భయపడటం మొదలుపెట్టింది, అదే విచిత్రం. స్టేషన్ దగ్గర ఎవరినో కత్తితో పొడిచారట అన్నారు. పొడిచిందెవరు, పోటు తిన్నదెవరు అన్నది ఏ గల్లీలో చెప్పుకుంటున్నారన్న దాన్నిబట్టి మారిపోయేది. పొడిచినట్టు చూసినవాడు మాత్రం ఒక్కడూ లేడు.

ఆ వారం మౌలాలికి తన సంచిని చూస్తేనే గుండె జారిపోయేది. ఊరంతా కత్తిపోట్ల మాటలే నడుస్తుంటే, గడ్డమున్న మనిషి, సంచిలో కత్తి! పోలీసులు పట్టుకుంటే ఏమని చెప్తాడు? దావత్‌కు పోతున్నానంటే నమ్ముతారా? పోలీసులకన్నా ముందు పడుచు పోరగాళ్ల చేతికి చిక్కితే అసలు నోరు తెరవనిస్తారా?

పోకుండా ఉందామంటే, పది రోజుల కిందనే శివనగర్ మల్లక్కకు మాటిచ్చి ఉన్నాడు. మల్లక్క అరవై దాటిన మనిషి. కొడుకు రాజమల్లు ఎనుమాముల మార్కెట్‌లో హమాలీ. మనుమడికి ఐనవోలు మల్లన్న దగ్గర పుట్టెంట్రుకలు తీయించి వచ్చి, ఆదివారం చుట్టాలందరికీ యాట కోసి పెడతానంది. రాజమల్లు పెండ్లికి కోసింది మౌలాలే, మల్లక్క పెనిమిటి చనిపోయినప్పుడు దినాలకు కోసిందీ ఆయనే. తాను పోకపోతే ఆ ఇంట్లో పొయ్యి వెలగదు. అంతకన్నా పెద్ద సంగతి ఇంకోటుంది. ఇవాళ సాయబు రాలేదంటే, వాళ్లూ మనల్ని చూసి భయపడుతున్నారనో, మన మీద పగబట్టారనో ఆ ఇంటివాళ్లు అనుకుంటారు. ఆ మాట ఒకసారి ఇంట్లోకి వచ్చిందంటే ఇక పోదు.

ఆదివారం పొద్దున ఎప్పటిలాగే గడప పక్కన సానరాయి పెట్టుకొని, నీళ్లు చల్లి, కత్తిని ఒకసారి లాగాడు. సర్రుమంది. ఎదురింటి కిటికీ తలుపు దభీమని మూసుకుంది. రోజూ వినే చప్పుడే, కాని ఆ వారం గల్లీలో ఎవరి చెవులూ చెవుల్లా లేవు. ముసలాయన ఒకడు బయటికొచ్చి, ‘ఎవడ్రా కత్తులు నూరేది?’ అని గాబరాగా అటూ ఇటూ చూశాడు. మౌలాలి చెయ్యి ఆగిపోయింది. రెండోసారి లాగడానికి ధైర్యం చాలక, కత్తిని పాత లుంగీలో చుట్టి సంచి అడుగున పెట్టేశాడు.

కరీంబీ వాకిలికి అడ్డంగా నిలబడింది. ఇంట్లో మాటలన్నీ ఉర్దూలోనే గాని, కోపమొస్తే ఆమెకు పుట్టింటి పల్లెటూరి తెలుగే వచ్చేది.

“పోకు. నా మాటిను. గొంతుల పానం ఉంటె గదా మాట నిలవెట్టుకునుడు!”

“పొయ్యి గంటల వస్త. మల్లక్క ఇల్లది, పరాయి ఇల్లా?”

“మల్లక్క ఇంటిదాంక తొవ్వుంది గదయ్యా. ఆ తొవ్వంత మల్లక్కదేనా?”

ఆమె చెయ్యి మెల్లగా పక్కకు తప్పించి బయటపడ్డాడు.

స్టేషన్ రోడ్డు మీద దుకాణాలు సగం తెరిచి, సగం మూసి ఉన్నాయి. తెలిసినవాళ్లు కూడా సలాం అనడానికి బదులు తల ఊపి ఊరుకున్నారు. అండర్ బ్రిడ్జి దగ్గర పోలీసులు నిలబడి వచ్చేపోయేవాళ్ల సంచులు చూస్తున్నారు. వెనక్కి తిరిగితే అనుమానం, ముందుకు పోతే కత్తి. అంతలో కేసముద్రం మీదుగా వచ్చిన ప్యాసింజర్ దిగిన జనం మూటలతో, మిరపకాయల బస్తాలతో పోటెత్తారు. ఆ గుంపులో దూరిపోయాడు. ‘ఏయ్, ఆగు!’ అని వెనక ఒక కేక వినిపించింది. ఆయన ఆగిపోయాడు. తీరా చూస్తే వాళ్లు ఆపింది సైకిల్‌వాణ్ణి. బ్రిడ్జి దాటి శివనగర్‌లోకి వచ్చేసరికి అంగీ వీపుకు అంటుకుపోయింది.

మల్లక్క వాకిట్లో పందిరి వేశారు. ముప్పై మంది దాకా చుట్టాలు. మూలన నల్ల మేకపోతు రేగాకు నములుతోంది. ఆయన్ను చూడగానే మల్లక్క, “అచ్చినవా తమ్మీ! రావేమో అనుకున్న. నా పానం లేచచ్చింది,” అంది. ఆ ఒక్క మాటకు మౌలాలికి ఏడుపొచ్చినంత పనయింది.

అయితే అందరి మొహాలూ మల్లక్క మొహంలా లేవు. అల్లుడు సారంగపాణి హనుమకొండ నుంచి వచ్చాడు. గోడకు ఆనుకొని కూర్చొని, సంచివైపే చూస్తూ, “గిసోంటి రోజులల్ల కత్తి వట్టుకొని బజార్ల తిరుగుడేంది?” అన్నాడు, పక్కవాళ్లతో అన్నట్టుగా, ఈయనకు వినపడేట్టుగా.

మౌలాలి విననట్టే కూర్చొని లుంగీ విప్పాడు. బొటనవేలితో అంచు చూసుకున్నాడు. అప్పుడు గుర్తొచ్చింది. కత్తి నూరలేదు! మొద్దు కత్తితో గొంతు కోస్తే జీవం తన్నుకుంటుంది. అది పాపం. ఆ మాంసం హలాల్ అని చెప్పి ఈ ముప్పై మందికి పెట్టడానికి ఆయనకు నోరు రాదు. తండ్రి నేర్పిన మొదటి ముక్కే అది, మేక కండ్లముందు కత్తి నూరకు, నూరని కత్తితో మేక దగ్గరికి పోకు అని. మొద్దు కత్తితో కోయలేడు, కోయకుండా ఇంటికి పోనూలేడు.

“మల్లక్కా, జర సానరాయి ఉంటె ఇయ్యవా?” అన్నాడు.

రాజమల్లు రాయి తెచ్చిచ్చాడు. మౌలాలి మేకకు కనపడకుండా గోడ చాటుకు పోయి, గొంతుక్కూర్చొని నూరడం మొదలుపెట్టాడు. సర్రు, సర్రు. పందిట్లో మాటలు ఒక్కొక్కటే ఆగిపోయాయి. చంటిపిల్లను ఎత్తుకున్న ఒకావిడ లేచి ఇంట్లోకి పోయింది. ఇన్నాళ్లూ ఇదే ఇంట్లో ఇదే చప్పుడు వింటూ అల్లం నూరుకున్న ఆడవాళ్లు ఇప్పుడు చేతులు ఆపి కూర్చున్నారు. తడిక బయట అడుగుల చప్పుడైంది. గల్లీ పోరగాళ్లు నలుగురు లోపలికి తొంగిచూశారు. వాళ్లలో ముందున్నవాడు గోపాల్. వాని అక్క పెండ్లికి కూడా మౌలాలే కోశాడు.

“ఏందే మల్లక్కా, లోపల కత్తులు నూరుతాన్రు?” అన్నాడు గోపాల్. వాని చేతిలో సైకిల్ చెయిన్ ఉంది.

మౌలాలి తల ఎత్తలేదు. ఎత్తితే వాని కండ్లు చూడాల్సి వస్తుంది. తెలిసినవాని కండ్లలో ఏం కనపడుతుందో అన్నదే ఆయన భయమంతా. చేతిలో పదును పెట్టిన కత్తి ఉంది, అయినా అంత నిస్సహాయంగా ఆయన ఎన్నడూ లేడు. కత్తి కింద పెడితే తప్పు చేసినట్టుంటుంది, పట్టుకొని ఉంటే ఇంకా పెద్ద తప్పు.

మల్లక్క చేతిలో గరిటెతోనే తడిక దగ్గరికి పోయింది.

“నూరక పండ్లతోని కొరుకుతర్రా యాటను? మా ఇంట్ల దావతని నీకు ఎరుకలేదా? తినెటందుకు వస్తవా, గొలుసు తిప్పెటందుకు వస్తవా? చెప్పు, దాన్నివట్టి విస్తరేస్త!”

ఎవరో కిసుక్కున నవ్వారు. గోపాల్ మాత్రం నవ్వలేదు. చెయిన్‌ను చేతికి చుట్టుకుంటూ అక్కడే నిలబడ్డాడు.

రాజమల్లు మేకను పడుకోబెట్టి కాళ్లు పట్టుకున్నాడు. మౌలాలి దాని తలను పడమటికి తిప్పాడు. ఇప్పుడు ఆ మాట చెప్పాలి. ఎప్పుడూ పందిరంతా వినేట్టు చెప్పేవాడు. ఇవాళ తడిక బయట నలుగురు, గోడ పక్కన సారంగపాణి. పెదవులు కదిపి లోపల్లోపలే అనేశాడు. అల్లాకు వినిపిస్తే చాలదా!

“ఆగు,” అంది మల్లక్క. “నాకినపడలె తమ్మీ.”

“అన్న అక్కా.”

“నాకినపడలె అంటాన్న. మా అత్త ఉన్నప్పటి సంది ఆ మాట ఇన్నంకనే పొయ్యి ముట్టిచ్చిన. ఇనకపోతే నేను వండ. గట్టిగ అను!”

మహాతల్లి! సాయం చేస్తోందో, చంపిస్తోందో తెలియదు. మౌలాలి కండ్లు మూసుకొని, “బిస్మిల్లాహి అల్లాహు అక్బర్” అన్నాడు. గొంతు పగిలి అనుకున్నదానికన్నా పెద్దగా వచ్చింది. కత్తి ఒక్కసారి కదిలింది. మేక తన్నుకోలేదు. కండ్లు తెరిచి తడికవైపు చూసేసరికి అక్కడ ఎవరూ లేరు. పోయారో, ఇంకెవరినన్నా తేవడానికి పోయారో!

చెయ్యి కడుక్కొని లేచాడు. తిని పొమ్మంటే వద్దన్నాడు. మల్లక్క ఆయన మొహం చూసింది. తట్టలో కత్తి పెట్టి, దాని మీద మాంసం ఆకు, ఆ మీద సోలెడు బియ్యం మూట పెట్టి నెత్తికెత్తుకుంది.

“నడువు, నేనస్త. ముసల్దాని తట్ట ఎవడు జూస్తడు?” అంది.

ఆమె చెప్పినట్టే అయింది. అండర్ బ్రిడ్జి దగ్గర పోలీసులు మౌలాలి సంచి దులిపారు, జేబులు తడిమారు, సంచిలోని పాత లుంగీ విదిలించి చూశారు. పక్కనే తట్టతో నిలబడ్డ మల్లక్కను, “నువ్వు నడువవ్వా” అన్నారు. ఆయన చేతులు పైకెత్తి నిలబడినంతసేపూ ఆమె తట్టవైపు చూడకుండా ఉండటానికి పడ్డ కష్టం అంతా ఇంతా కాదు. దాటి వచ్చాక మల్లక్క పొంగిపోతూ, “సూసినవా, ఎట్ల మోసం జేసిన!” అని నవ్వింది. ఎంత గుండె ధైర్యం ఈ మనిషిదీ అనుకొని మౌలాలీ నవ్వాడు. పొద్దుటినుంచి అదే మొదటి నవ్వు.

మండిబజారు దాటి సందు మొదట్లోకి వచ్చారు. ఆదివారం మధ్యాహ్నం, జొహర్ నమాజు అయిపోయి మసీదులోంచి జనం బయటికొస్తున్నారు. టోపీలు, గడ్డాలు, అన్నీ మౌలాలి ఎరిగిన మొహాలే. వాళ్లలో కొందరు ఆగి వీళ్లవైపు చూశారు.

“రా అక్కా, కరీంబీ సూస్తాంటది. చాయి తాగి పోదువు,” అంటూ రెండడుగులు వేసి వెనక్కి చూశాడు. మల్లక్క రాలేదు. సందు మలుపు దగ్గరే నిలబడిపోయింది. ప్రతి రంజాన్‌కూ ఇదే సందులోంచి గలగలా మాట్లాడుకుంటూ వచ్చి, కరీంబీ పక్కన కూర్చొని సేమ్యాపాయసం తాగిపోయే మనిషి!

“అద్దు తమ్మీ. ఇంటికాడ చుట్టాలున్నరు,” అంది. తట్ట దించి, కత్తీ మాంసమూ బియ్యమూ ఆయన సంచిలో వేసింది. అట్లా వేస్తూనే కొంగును నెత్తి మీదికి లాక్కుంది, ఇంకా కిందికి లాక్కుంది, నుదుటి బొట్టు కనపడకుండా పోయేదాకా.

మౌలాలి చూశాడు. భయమేంది అక్కా, నేను లేనా అనబోయాడు. పొద్దున కరీంబీ అడిగింది మరి, ఆ తొవ్వంత మల్లక్కదేనా అని. ఈ సందంతా తనదా? ఏమని హామీ ఇస్తాడు? మల్లక్క గబగబా తిరిగిపోయింది. ఒకసారి కాదు, రెండుసార్లు వెనక్కి తిరిగి చూసింది. చూసింది ఆయన్ను కాదు, మసీదు దగ్గర నిలబడ్డవాళ్లను.

ఇంట్లోకి రాగానే కరీంబీ ఆయన ఒళ్లంతా తడిమి చూసి, అల్లాకు షుక్రియా చెప్పుకుంది.

“ఎవరన్న ఏమన్న అన్నరా?”

“లేదు.”

“మరి మొఖమేంది గట్ల? బెదిరిచ్చిన్రా?”

మౌలాలి మంచం మీద కూలబడ్డాడు.

“మనల్ని జూసి మల్లక్క బెదిరింది, కరీంబీ,” అన్నాడు.