ఎడమచేతిలో చక్రం

పోయిన నెలలో ఒక ఆదివారం మా మనవరాలు నన్ను కూడా వెంటబెట్టుకుని రేణిగుంట రోడ్డులో గాజు మీద బొమ్మలు వేయడం నేర్పించే చోటికి తీసుకుపోయింది. చల్లటి గది, పొడుగు బల్లలు, ఒక్కొక్కరి ముందర ఒక గాజు పలక, సన్నమూతి ట్యూబుల్లో రంగులు. ముందే గీసిపెట్టిన నెమలిలో వాళ్ళంతా రంగులు నింపుతూ ఉంటే, వయసు మీదపడినా నోరు ఊరుకోని జబ్బు ఒకటుంది కదా నాకు, ఆ నేర్పించే అమ్మాయితో మా కాలంలో ఇట్లా గాజు పైన కాదమ్మా, వెనక వేసేవాళ్ళం, తిరుపతిలో సగం పూజగదుల్లో నా చేతి పటాలే ఉండేవి అని చెప్పేసినాను. ఆ పిల్ల అందరినీ పిలిచి, నా చేతికి కుంచె ఇచ్చి, ఒక్కసారి వేసి చూపించండి తాతగారూ అనింది. నేను కుంచె పట్టుకుని నిలబడినాను. కుంచెను గాజుకు ఆనించలేకపోయినాను. వయసు వల్ల అనుకుని వాళ్ళు పాపం కుర్చీ వేసినారు, మంచినీళ్ళు ఇచ్చినారు, ఏమీ వేయకపోయినా చప్పట్లు కొట్టినారు.

సగం తిరుపతి కాదు. ఇది చదివే మీరంతా నా ఈడు వాళ్ళు, మీ దగ్గర దాచి లాభమేముంది. నేను జీవితంలో వేసింది ఒకే ఒక్క పటం. అది కూడా మా ఇంటి పూజగదిలో ఒక్క పూట మాత్రమే ఉండింది.

డెబ్భైల చివర్లో సంగతి ఇది. మా నాయన కొండమీద స్వామికి పూలదండలు కట్టే కొలువులో జీవితమంతా గడిపి, కండ్లకు పొరలు కమ్మి దిగొచ్చేసినాడు. ఇప్పటి మాదిరి పొద్దున పోయి సాయంత్రానికి అద్దాలు పెట్టుకుని వచ్చే రోజులు కావవి. పొర బాగా పండాల, అప్పుడే కోస్తామని డాక్టర్లు చెప్పేవాళ్ళు, అది పండేదాకా మనిషి మంచులో నడిచినట్టు నడుస్తూ ఉండాల్సిందే. కొండకు తీసుకుపోతామంటే నాయన వద్దనేవాడు. అంత దూరం పోయి గర్భగుడి ముందర నిలబడితే దీపం వెలుగు ఒక్కటే పచ్చగా చెదిరి కనపడుతుందని, ఇన్నేళ్ళు చేతులారా దండలు కట్టిచ్చిన స్వామిని అట్లా చూసేదానికంటే చూడకపోవడమే మేలని ఆయన బాధ. ఇంట్లో పెద్ద పటం ఒకటి ఉంటే ముక్కు ఆనించయినా చూసుకుంటాను అని ఒకసారి అన్నాడు. నేను వెంటనే, కొనేదెందుకు నాయనా, నేనే వేసిస్తాను, అత్త దగ్గర నేర్చుకుంటున్నాను కదా అన్నాను.

అత్త అంటే మా మేనత్త, నాయనకు ఒక్కతే చెల్లెలు. కుంభకోణం పక్క నుంచి వచ్చిన ఆమె అత్తగారికి గాజు పటాలు వేసే పని తెలుసు, ఆమె నుంచి ఈమెకు వచ్చింది. మామ పోయిన తరువాత అత్త చిత్తూరులో తన ఇంటి నడవలోనే ఆదివారాలు ఆ పని నేర్పించడం మొదలుపెట్టింది. చదివింది అయిదో తరగతి. చిత్తూరులోనే ఆడపిల్లల బడి ఒకటి ఉండేది, ఆ బడి పెద్ద టీచరమ్మ ఒకసారి నడవలోకి వచ్చి చూసి, మా పిల్లలకు కూడా చేతిపని కింద ఇది నేర్పిస్తారా అని అడిగి పోయింది. అప్పటినుంచి అత్తకు అదే ధ్యాస. బడిలో, నల్లబల్ల ముందర, టీచరు లాగా నిలబడాల. ఆ మాట చెప్పేటప్పుడు ఆమె కొంగుతో నోరు కప్పుకుని నవ్వేది, చిన్నపిల్ల మాదిరి.

గాజు వెనక వేయడమంటే అంతా తిరకాసు పని. మామూలు బొమ్మలో చివర పెట్టే నామం ఇందులో అన్నిటికంటే ముందు పెట్టాల, తరువాత కండ్లు, నగలు, ఆ పైన మొహం రంగు, చిట్టచివర అన్నిటినీ కప్పేసేటట్టు వెనక రంగు. ముందు వేసిందే ముందు కనపడుతుంది, ఆ పైన ఎన్ని పూతలు పూసినా మొదటి గీత తప్పును ఏదీ దాచదు. ఎడమ కుడి కూడా తారుమారే. అందుకని బొమ్మ గీసిన పల్చటి కాగితానికి నూనె రాసి, బోర్లించి, గాజు కింద పెట్టి గీతలు దించుకోవాల. ఆ తరువాత కాగితం తీసేసి, గాజును రెండు ఇటుకల మీద ఆనించి, కింద ఒక ముఖం చూసుకునే అద్దం పెడితే, చూసేవాళ్ళకు గీతలూ రంగులూ ఎట్లా కనపడతాయో అందులో తెలుస్తుంది. వెనక రంగు పూసేముందు తనకు చూపించి తీరాలని అత్త ప్రతి ఆదివారం అందరికీ చెప్పేది. ఆ పూత పడిందంటే ఇంక మొత్తం గీకేసుకోవాల్సిందే.

నేను ఆ నడవలో అందరికంటే మంచి శిష్యుణ్ణని చాలామందికి చెప్పుకున్నాను. నిజానికి కింద పెట్టిన అద్దంలో నేను చూసుకున్నది నా మీసమూ, నా పాపిడీ. చుట్టుపక్కల ఆడవాళ్ళు మొహం తిప్పుకుని నవ్వేవాళ్ళు. నగరి నుంచి వచ్చే నేతపని ఆయనొకడు, ఏమప్పా, స్వామికి మీసాలు పెడతావా ఏంది అని నెత్తిమీద తట్టి పోయేవాడు.

నాయన పటం మాత్రం నేను తిరుపతిలో మా ఇంట్లోనే వేసినాను. కాగితం బోర్లిస్తే గీతలు మసకగా ఉన్నాయని వెల్లకిలానే పెట్టుకున్నాను. పుట్టినప్పటినుంచి చూస్తున్న స్వామి, ఆయన కోసం నాకు అద్దమెందుకు అని అద్దమూ పెట్టుకోలేదు. అత్తకు చూపించకుండానే వెనక ఎర్ర రంగు పూసేసినాను, ఆమె ఎక్కడ కుంచె పట్టుకుని దిద్దుతుందో, అప్పుడు మొత్తం నేనే వేసినానని చెప్పుకునేదానికి ఉండదని. కింద మూలలో నా పేరు కూడా రాసుకున్నాను.

పటాలు కట్టే అంగట్లో గాజును తిప్పి నిలబెట్టినప్పుడు నా పేరు తిరగబడి కనపడింది. అంగడి ఆయన నవ్వినాడు. కొంచెం వెడల్పు చట్రం వేసి ఆ పేరును దానికింద కప్పేయమన్నాను, కప్పేసినాడు. పేరు తిరగబడింది చూసిన నేను మిగతాది చూడలేదు, పటం మెరుపులో పడి కనిపెట్టలేకపోయినాను అని ఆ తరువాత చాలా ఏండ్లు నాకు నేనే చెప్పుకుంటూ వచ్చినాను.

చూసినాను. పేరు తరువాత నా కండ్లు నేరుగా పోయింది చేతుల మీదికే. స్వామి కుడిచేతిలో ఉండాల్సిన చక్రం ఎడమచేతిలో, శంఖం కుడిచేతిలో, నడుము మీద ఉండాల్సిన చెయ్యి వరమిస్తా ఉంది. గీకి మళ్ళీ వేసేదానికి టైము లేదు, తెల్లవారితే పెరటాసి నెల శనివారం, స్వామికి మొక్కు తీర్చుకునే పండగ రోజు. అప్పుడు నాకు తట్టిన ఆలోచన ఏమిటో రాయడానికి ఇప్పటికీ సిగ్గుగా ఉంది. ముక్కు ఆనించినా నాయనకు ఎట్లాగూ కనపడదు కదా అనుకున్నాను.

పెరటాసి శనివారం మా పక్క ఎట్లా ఉంటుందో మీకు చెప్పాల్సిన పనిలేదు. పొద్దున్నే నామాలు పెట్టుకుని, చెంబులు పట్టుకుని నాలుగిళ్ళ ముందర గోవిందా అని నిలబడి బియ్యం తెచ్చి, వండి, ఆకు మీద స్వామికి నైవేద్యంగా తళిగ వేసి, పిండి దీపం వెలిగించేదాకా ఎవరూ పచ్చి మంచినీళ్ళు తాగరు. నాయన తన పాత కొలువు వాళ్ళందరినీ పిలిచినాడు. మా వాడు వేసినాడు, మా వాడు వేసినాడు అని వచ్చిన ప్రతివాడికీ చెప్పినాడు. అత్త చిత్తూరు నుంచి వచ్చింది, కొండకు పోతూ ఉండిన ఆ బడి టీచరమ్మను కూడా ఇంటికి పిలుచుకొచ్చింది, తన శిష్యుడి పని చూపించాలని. నాయన తానే కూర్చుని కట్టిన తులసి దండ పటానికి వేయించినాడు. కర్పూరం వెలిగించి, పటానికి కప్పిన గుడ్డ తీసినాము.

అందరూ గోవిందా అన్నారు. ఆ గోవింద మధ్యలోనే కొందరి గొంతు ఆగిపోయింది. మా చిన్నాయన, నాయనకు తమ్ముడు, అత్తకు చిన్నన్న, ఆయనకు దాచుకోవడం చేతకాదు.

“ఏమిరా అబ్బోడా, మన స్వామి ఎప్పుట్నించిరా ఎడంచేతి వాటం? సక్రం యాడుండాల, యాడుండాది సూడు!”

ఎవరో నవ్వినారు. దాంతో ఆయనకు ఇంకా ఊపు వచ్చింది. “ఎదురుగా నిలువుటద్దం ఒకటి పెట్టించన్నా. దాంట్లో సూసి మొక్కుకుందువు.”

నాయన నవ్వలేదు. తడుముకుంటూ ముందుకు వచ్చి పటం మీద చెయ్యి పెట్టినాడు. చక్రం కోసం గాజు మీద వేళ్ళు జరుపుతా పోయినాడు. రంగంతా వెనక ఉంటుంది కదా, ముందర వేలికి తగిలేదేముంటుంది, ఈ చివర నుంచి ఆ చివర దాకా నున్నటి గాజు. ఆ వేళ్ళు అట్లా వెతుక్కుంటా ఉంటే చూస్తూ నిలబడినాను.

“ఏందిరా ఇది?” అన్నాడు.

“అత్త చెప్పినట్టే వేసినాను నాయనా.”

అత్త కర్పూరం పళ్ళెం పట్టుకుని ఉండింది. నా వైపు ఒకసారి చూసింది. ఆ టీచరమ్మ వైపు కూడా చూసింది. ఒక్కమాట అంటే చాలు, నాకు చూపించనేలేదు అని, అక్కడితో నా పని అయిపోయుండేది. కానీ ఇంతమంది ముందర మా వాడు, మా వాడు అని తిరిగిన అన్న మొహం ఆమెకు ఎదురుగా ఉంది.

“అవునన్నా,” అనింది. “నేనే తిరగేసి చెప్పినట్టుండా.”

నాయన కోపమంతా ఆమె మీదికి మళ్ళింది. “ఏమీ తెలీకుండానే ఊరోళ్ళకు నేర్పించేదానికి పొయినావా మే నువ్వు!” అని అరిచినాడు. ఆ టీచరమ్మ మర్యాదస్తురాలు, ఆకు ముందర కూర్చుని తిని, పొంగలి బాగుందని చెప్పి లేచిపోయింది. బడి మాట మళ్ళీ ఎవరూ ఎత్తలేదు. పటాన్ని పాత పంచెలో చుట్టి అటక ఎక్కించినారు.

ఈ మాట చిత్తూరుకు చేరడానికి ఎంతసేపు. శంఖచక్రాలు ఏ చేతిలో ఉంటాయో తెలియని ఆమె దగ్గర ఏం నేర్చుకుంటామని నడవలో మనుషులు పల్చబడినారు. కొన్నాళ్ళకు అత్త ఆ ఇల్లు వదిలి పలమనేరులో కూతురి దగ్గరికి వెళ్ళిపోయింది. నాయనకు పొర పండింది, కోసినారు, లావుపాటి అద్దాలతో మళ్ళీ లోకమంతా చూసినాడు. ఆ పటాన్ని మాత్రం దించమనలేదు. ఇంటికి చుట్టాలు వస్తే చాలు, మా చెల్లెలు స్వామి చేత ఎడంచేత్తో చక్రం తిప్పించింది అని కథ మాదిరి చెప్పి నవ్వించేవాడు. కోపం పోయి అదొక ముచ్చట అయిపోయింది ఆయనకు. ఆయన చెప్పిన ప్రతిసారీ నేనూ నవ్వినాను. అందరికంటే గట్టిగా నవ్వినాను కూడా.

నాయన పోయినాక, ఆ ఏడాది గడిచినాక, పలమనేరు పోయినాను. అత్త పెరటి వసారాలో కూర్చోబెట్టి కాఫీ ఇచ్చింది. ఆమె శిష్యుల కోసం కోయించి పెట్టుకున్న గాజు పలకలన్నీ ఆ వసారా కిటికీలకు బిగించేసి ఉన్నాయి. ఒకదాని మూలలో ఎవరో అలవాటు కోసం గీసుకున్న తెల్ల నామాలు అట్లే ఉన్నాయి, వాటి మీదుగా చలికాలపు ఎండ నేలమీద పడుతూ ఉంది. నేను అప్పుడు చెప్పినాను. కాగితం వెల్లకిలా పెట్టింది, చూపించకుండా రంగు పూసింది, అంగట్లోనే చూసుకున్నది, నాయనకు కనపడదులే అనుకున్నది, ఏదీ దాచకుండా చెప్పి కాళ్ళ మీద పడబోతే ఆమె కాళ్ళు వెనక్కు తీసుకుంది.

“నాకెందుకు సెప్తావురా? నాకు తెలిసిందే గదా,” అనింది. “మా అన్నకు సెప్పాల్సింది. ఏమీ తెలీనిదాన్ననుకునే పొయినాడు.”

తరువాత, కాఫీ చల్లారిపోయింది తాగు అనింది. అంతకు మించి ఆ సంగతి ఆమె ఎప్పుడూ మాట్లాడలేదు. ఆమె కూడా పోయి చాలా కాలమయింది.

ఇప్పుడు తిరుపతిలో పటాలన్నీ అచ్చులో వస్తాయి, ఏ స్వామి చేతిలోనూ చక్రం దారి తప్పదు. గాజు వెనక నామం ముందు పెట్టి, మొహం తరువాత దిద్దే మనుషులు ఎక్కడైనా ఉన్నారేమో నాకు తెలియదు, మా పక్క మాత్రం లేరు. పెరటాసి శనివారాలు వస్తాయి, ఎవరిండ్లలో వాళ్ళం తళిగ వేసుకుని, ఫోన్లలో బొమ్మ తీసి ఒకరికొకరం పంపుకుంటాము, అందరమూ బాగుందనే అంటాము. తప్పు కనపడితే కర్పూరం ఆరకముందే అరిచే చిన్నాయన లేడు, కసిరే నాయన లేడు, అన్న తల వంచకూడదని తన తల వంచుకునే చెల్లెలూ లేదు. ఆ శనివారం మా ఇంట్లో నిలబడిన వాళ్ళల్లో నేనొక్కణ్ణే మిగిలినాను. ఇప్పుడు నేను ఏం చెప్పినా, అబద్ధంరా అనేవాళ్ళు ఒక్కరూ లేరు. నా మాదిరి నోరున్నవాడికి ఇంతకంటే మంచి కాలం ఉండకూడదు మరి. కానీ ఈ ఒక్కదాన్ని, అవునురా, ఇట్లాగే జరిగింది అనేవాళ్ళు కూడా లేరు.