బోర్డు తుడిచే మనిషి సాక్ష్యం

నా పేరు ఖాసింబీ. వయసు అరవై ఎనిమిది. సుబేదారిలో మనవరాలు రేష్మతో ఉంటున్నాను. పీజీ కాలేజీలో క్లాసు గదులు ఊడుస్తాను. పిల్లలు నన్ను నానీ, అంటే అమ్మమ్మా, అని పిలుస్తారు. నాకు చదువు రాదు. నేను చెబుతుంటే రేష్మ కాగితం మీద రాసి ఫోన్‌లో పెడుతోంది.

మా లెక్కల సారు కాంట్రాక్టు మనిషి. పాఠం చెప్పకుండా పిల్లలతోనే బోర్డు మీద లెక్కలు చేయిస్తాడని ఎవరో ఫిర్యాదు పెట్టారు. ఆయన్ను ఉంచాలా, తీసేయాలా అని ఈ రోజు విచారణ జరిగింది. పిలవకపోయినా లోపలికి వెళ్లాను.

"నీకు అక్షరం రాదు. సారు పాఠం గురించి నీకేం ఎరుకమ్మా?" అన్నాడు విచారణ చేస్తున్న పెద్దాయన.

"బోర్డు తుడిచేది నేనే గద బిడ్డా! మిగతా సార్ల బోర్డు మీద ఒక్కలదే రాత ఉంటది. ఈయన బోర్డు మీద పదిమంది రాత ఉంటది. కొట్టేసినయి, మళ్ల రాసినయి. గంట కొట్టినంక గుడ పిల్లలు లేవరు. 'జర ఆగు నానీ, ఈ లెక్క తేలనియ్యి' అంటరు. చీపురు పట్టుకొని నేను బయట నిలవడతా. వేరే క్లాసుల నన్నెవ్వలు ఆపలే."

గుమాస్తా రాసుకుని వేలిముద్ర వేయమన్నాడు. ముందు చదివి వినిపించమన్నాను. "సారు మంచివాడు" అని ఒక్క ముక్కే రాశాడు!

"మంచోడని నేనెప్పుడన్న? బోర్డు తొందరగ తుడుస్తనని నన్ను రోజు తిడతడు. నేను చెప్పింది రాయి" అన్నాను. అంతా రాసి చదివాకే ముద్ర వేశాను.

సోమవారం తేలుస్తారట. అప్పటిదాకా నాకు ముద్ద దిగదు. గంట కొట్టినా లేవబుద్ధి కాని క్లాసు మీకెవరైనా చెప్పారా? కింద రాయండి, రేష్మ చదివి వినిపిస్తుంది.

ఖాసింబీ ఎడమ బొటనవేలి ముద్ర.
చూసినవారు: రేష్మ, పక్కింటి సుజాత.