సాయంత్రం క్లాసుల వెనక గేటు

నా చిన్నప్పటికే మా వంశంలో వంగనిదంటూ వెన్నెముక ఒక్కటే మిగిలింది. మా ముత్తాత కరీంనగర్ వైపు పద్మశాలీలకు కులపెద్ద. వాడకట్టులోని మగ్గాలన్నీ ఆయనవే. పెళ్లయినా పంచాయితీ అయినా మొదటి తాంబూలం ఆయనకే. ఆయన కొడుకైన మా తాతయ్య సూరత్‌లో, లింబాయత్ సందుల్లో, ఎవరిదో పవర్‌లూమ్ షెడ్డులో కూలికి నేసేవాడు. కూలికి నేసినా తలపాగా మాత్రం తీయలేదు.

మా ఇంటికి కొంచెం దూరంలో ఒక కాలేజీ ఉండేది. చుట్టుపక్కల బస్తీలకు సేవ చేస్తామంటూ సాయంత్రం క్లాసులు పెట్టింది. ఆడవాళ్లకు కుట్టుపని, మగవాళ్లకు కరెంటు పని. ఆ సేవ ఎలాంటిదో చూసినవాణ్ణి కాబట్టి చెబుతున్నాను. పగటి పిల్లలు విరగ్గొట్టిన బెంచీలు, వాళ్లు వాడి పారేసిన సుద్దముక్కలు, ఎవరికీ పనికిరాని వెనక గది. వాటన్నిటి మీదా ఒక రంగుల బ్యానరు.

భర్త పోయాక మా మేనత్త పుట్టింటికి వచ్చింది. తన ఇంట్లో వంటకీ అంట్లకీ ఆమెను పంపమని సూరత్ దగ్గరే కిమ్ అనే ఊళ్లో ఉన్న ఆమె మరిది కబురు మీద కబురు పెడుతున్నాడు. చేతిలో ఏదో ఒక పని ఉంటే పోనక్కర్లేదు. లేకపోతే దసరా దాటగానే పోవాలి. అందుకే తాతయ్య మనసు చంపుకొని అత్తనూ నన్నూ వెంటబెట్టుకుని ఆ కాలేజీకి బయల్దేరాడు.

వాచ్‌మన్ కుర్చీలోంచి లేవనైనా లేవలేదు. "సాంజ్‌వాలే పీఛే సే," అన్నాడు. సాయంత్రంవాళ్లకు వెనక గేటట. సైకిళ్ల షెడ్డు దాటి, మురికికాలువ పక్కనుంచి పోవాలట.

తాతయ్య తలపాగా సర్దుకున్నాడు. "కులపెద్ద మనుమరాలు దొడ్డిదారిన పోదు. నడువు బిడ్డా," అని వెనుదిరిగాడు.

 ఇంటికొచ్చాక అత్త అంది: "నాయినా, నువ్వు మర్లొచ్చినవ్, నీ ఇజ్జత్ నిలవడ్డది. రేపు కిమ్‌ల అంట్లు తోమేటప్పుడు గా ఇజ్జత్ నాకేం జేస్తది?" తాతయ్య చుట్ట వెలిగించుకుని గోడవైపు తిరిగాడు.

మరునాడు సాయంత్రం అత్త, భర్త పోయాక ముట్టని పట్టుచీర తీసి కట్టుకుంది. పక్కింటి అక్క గుమ్మంలోంచి, "ఏంది వదినా, సినిమాకా?" అని నవ్వింది. "కాలేజీకే," అంది అత్త. నా చేతికి గొడుగు ఇచ్చి, "రెండడుగులు ఎన్క నడువు, నౌకరు లెక్క. నవ్వినవనుకో, వీపు మోగుతది," అని హెచ్చరించింది.

ముందు గేటు దగ్గర నిన్నటి వాచ్‌మనే దిగ్గున లేచి సలాం కొట్టాడు. అత్త అతనివైపు చూడకుండా తల ఊపి లోపలికి నడిచింది. క్లాసు సారు పరుగున వచ్చి కుర్చీ వేసి, ఏ కాలేజీ నుంచి వచ్చారని అడిగాడు. లింబాయత్ నుంచి, కుట్టుపని నేర్చుకోవడానికని ఆమె చెప్పగానే అతని ముఖం మాడిపోయింది. రూలు ప్రకారం వెనక గేటుగుండా రావాలన్నాడు. అత్త హిందీలోనే జవాబిచ్చినా నాకు మాత్రం మా మాటల్లోనే గుర్తుంది: "గా గేటు గంత మంచిదైతే రేపు మీ ప్రిన్సిపాల్ సాబును గట్ల రమ్మనుండ్రి. ఆయెన్క మేమొస్తం."

వెనక గేటునుంచి వచ్చి బురద కాళ్లతో కూర్చున్న ఆడవాళ్లంతా ఫక్కున నవ్వారు. మరుసటి రోజు వాళ్లందరూ ముందు గేటు దగ్గరే నిలబడ్డారు. సారు చాటుకు తప్పుకున్నాడు. వాచ్‌మన్ గేటు తీశాడు. క్లాసులు ముగిసిన రోజు ఎవరో పెద్దమనిషి వచ్చి, కాలేజీ తన తలుపులు బస్తీకి బార్లా తెరిచిందని ఉపన్యసించి, ఆ ఆడవాళ్లను అదే గేటు ముందు నిలబెట్టి ఫొటో దిగాడు. ఈ పెద్దమనుషులది సిగ్గులేని జాతి.

ఇప్పుడు కాలేజీలకు అద్దాల మేడలొచ్చాయి. సూరత్‌లో మా బస్తీల పక్కనున్న గోడాదరాలో కూడా నిరంతర విద్య అని బోర్డులు కనిపిస్తున్నాయి. అలాంటివాళ్లు సేవ గురించి చెప్పబోతే, మమ్మల్ని ఏ గేటునుంచి రమ్మంటారో ముందు చెప్పమంటాను. అవమానం ఎదురైతే వెనుదిరిగి రావడం మా ఇంటి విద్యే. ఆ సాయంత్రం తర్వాత ఆ విద్యమీద నాకు గౌరవం పోయింది.

అత్త కిమ్‌కు పోలేదు. ఆ ఎండాకాలం తాతయ్య ఊరికెళ్లి, ఆమెకు కుట్టుమిషన్ కొనడానికి, ముత్తాత కట్టిన ఇంటి పెద్ద దర్వాజను రెక్కలతో సహా ఊడదీయించి అమ్మేశాడు.