ఉమ్మడి ఇంట్లో ద్రావిడనాడు

1960 ఏప్రిల్ ఒకటో తేదీన ఆంధ్ర, మద్రాసు రాష్ట్రాల సరిహద్దు సవరణ అమలులోకి వచ్చింది. కొన్ని ఊళ్లు అటు వెళ్లాయి, కొన్ని ఇటు వచ్చాయి. వాకాడు దగ్గరి మా ఊరికి ఆ గీత ఎటునుంచీ తగలలేదు. అయినా దక్షిణాది అంతా కలిసి భారతదేశం నుంచి విడిపోయి వేరే దేశం కావాలన్న మాట ఆ వేసవిలోనే మా ఇంట్లోకి వచ్చింది. తెచ్చినవాడు మా తమ్ముడు.

అప్పటికి మా నాన్న పోయి చాలాకాలమైంది. నేను వాకాడులో బడిపంతులుని; ఇంటి పెత్తనం నాది. తమ్ముడు వరి పొలాన్నీ, సముద్రం వైపు ఇసుక నేలలో ఉన్న సరుగుడు తోపునూ చూసుకునేవాడు. కట్టె కొట్టించి, బకింగ్‌హాం కాలువలో అద్దె పడవలకెత్తించి, తానూ వెంట మద్రాసు వెళ్లి అమ్మి వచ్చేవాడు. అక్కడ ద్రావిడనాడు కావాలని సభలు జరుగుతున్న రోజులవి. వాడికి అరవం బాగా వచ్చు. వచ్చినప్పుడల్లా ఒకటి రెండు కరపత్రాలు మడిచి తెచ్చి, అన్నాల దగ్గర నాకు అర్థం చెప్పేవాడు.

వాడి వాదంలో మొదటిది ఆర్థికం. పన్నులు దక్షిణాన వసూలవుతున్నాయి, పెద్ద కర్మాగారాలు ఉత్తరాన లేస్తున్నాయి. వసూలు చేసేదీ ఢిల్లీయే, పంచేదీ ఢిల్లీయే. నేను కరపత్రాన్ని అటూ ఇటూ తిప్పి చూసేవాణ్ణి.

"ఇది ఏ సంవత్సరం లెక్కరా?"

"ఏ సంవత్సరమైతే ఏందన్నా? ఎప్పుడూ అంతే గదా."

"సంవత్సరం లేని అంకె అంకె కాదు. మద్రాసు రేవులో సుంకం కట్టినంత మాత్రాన ఆ సరుకంతా దక్షిణాది వాళ్లే వాడినట్టా? ఈ లెక్క ఎవరు వేసినారు, దేన్ని బట్టి వేసినారు?"

"బడిలో పిలకాయలు నీతో ఎట్ట వేగతా ఉండారో!" అని వాడు అమ్మ వైపు తిరిగేవాడు. "మా, పప్పులో ఉప్పు తక్కువైనా ఏ సంవత్సరం నుంచి అని అడగతాడు చూడు."

రెండోది రాజ్యాంగం. అక్కడ నా కాలు గట్టి నేల మీద ఉండేది. మొదటి అధికరణం ప్రకారం భారతదేశం రాష్ట్రాల యూనియన్. రాష్ట్రాన్ని చీల్చాలన్నా, కలపాలన్నా, హద్దు మార్చాలన్నా మూడో అధికరణం ప్రకారం పార్లమెంటు చట్టం చేయాలి. దేశంలో నుంచి ఒక రాష్ట్రం వెళ్లిపోవడానికి దారి చూపే అధికరణం ఒక్కటీ లేదు.

"యాభై మూడులో మనం మద్రాసు నుంచి వేరుపడలా? నువ్వూ ఊరేగింపులో పోయినావు గదన్నా."

"1953 అక్టోబరు ఒకటిన, పార్లమెంటు చేసిన చట్టంతో. అప్పుడు గది మారినాం, ఇల్లు దాటలేదు."

వేరుపడటం. మా వైపు ఆ మాట వింటే ఎవరికైనా ముందు తోచే అర్థం ఒకటే: అన్నదమ్ములు పొయ్యి వేరు పెట్టుకోవడం. కరపత్రాల్లోని అరవ మాటకు వాడు వెతుక్కున్న తెలుగు మాటా అదే. ఆ మాటే వాణ్ణి తరువాతి ప్రశ్నకు నడిపించింది.

"సరే, ఇంట్లో తమ్ముడు వేరుపడాలంటే అన్న ఒప్పుకోవాల్నా?"

"అక్కర్లేదు. తాను వేరుపడ్డానని మిగిలిన భాగస్తులకు స్పష్టంగా తెలియజేస్తే చాలు. ఆస్తి ఎప్పుడైనా పంచుకోవచ్చు. వేరుపడటం మాత్రం అప్పుడే అయిపోతుంది."

"అయితే దేశం కంటే ఇల్లే మేలు."

అమ్మ గరిటె కింద పెట్టింది. "అన్నం దగ్గర ఆ మాట అనబాకండిరా" అంది.

1962 వేసవిలో తమ్ముడు సొంత పడవ కొనాలన్నాడు. అద్దె పడవలతో ఎప్పటికీ వేగలేమన్నాడు. ఒక పంట చూసి ఆలోచిద్దామన్నాను. అంతకు ముందు ఏడాదీ అదే అన్నానని వాడు గుర్తుచేశాడు. ఆ రోజు వాడి ఆర్థికం ఢిల్లీని వదిలి మా ఇంటికి వచ్చింది.

"తోపు మీద వచ్చింది నువ్వే తీసుకుంటావు. దేనికి పెట్టాల్నో నువ్వే చెప్తావు. సరిగ్గానే పెట్టినామని నువ్వే అంటావు. నా కష్టం ఉమ్మడి. నీ జీతం చదువు మీద వచ్చింది, చట్టం ప్రకారం నీ సొంతం."

నా జీతమూ ఆ ఇంట్లోనే ఖర్చయ్యేది. అయినా వాడన్నదాంట్లో తప్పు లేదు. 1930 నాటి చట్టంలో అలాగే ఉంది. ఈసారి ఏ సంవత్సరం లెక్క అని అడగడానికి నాకు వీల్లేకపోయింది.

ఆగస్టులో ఒక ఉదయం పోస్టుమాన్ రిజిస్టరు కవరు తెచ్చాడు. తమ్ముడు వసారాలో కూర్చుని కత్తికి సాన పడుతున్నాడు.

"మా అన్నకేలే. నేను పంపించిందే" అన్నాడు.

పోస్టుమాన్ ఇద్దరినీ మార్చి మార్చి చూశాడు. "పక్క గదికి గూడూరు మీదుగా పంపినావా సామీ! నన్ను ఎండలో తిప్పే బదులు పిలిచి చెప్పగూడదా?"

"సంతకం పెట్టన్నా" అన్నాడు తమ్ముడు, కత్తి మీది నుంచి చూపు తిప్పకుండా.

గూడూరు ప్లీడరు రాసిన నోటీసు అది. తన కక్షిదారు ఉమ్మడి కుటుంబం నుంచి వేరుపడ్డాడని స్పష్టంగా ఉంది. చదివి వాడి ఎదురుగా కూర్చున్నాను.

"ఇది చూస్తే గానీ పడవ గురించి నువ్వు కూర్చోని మాట్లాడవని పంపించినా. మొత్తం అడిగితే గానీ సగం ఇవ్వరని మద్రాసులో అందరూ అంటా ఉండారు."

"ఇది అడగడం కాదురా. అయిపోవడం."

వాడు నవ్వబోయి ఆగిపోయాడు.

మరుసటి రోజు నేనే గూడూరు వెళ్లి ఆ ప్లీడరునే అడిగాను. అందిన నోటీసును వెనక్కి తీసుకున్నంత మాత్రాన మునుపటిలా ఉమ్మడి కాదనీ, మళ్లీ కలవాలంటే ఇద్దరూ కొత్తగా ఒప్పుకోవాలనీ ఆయన చెప్పాడు. రోజూ ఒకే ఇంట్లో కలిసి తింటేనో అన్నాను. తిన్నంత మాత్రాన కలిసినట్టు కాదు పంతులుగారూ అన్నాడు.

ఇంటికి వచ్చి తమ్ముణ్ణి పిలిచాను. "మళ్లీ కలుద్దాం. పడవ కొందాం. పెత్తనం కూడా నువ్వే చెయ్యి. నేను ఒప్పుకుంటే చట్టం అడ్డురాదు."

"ఇస్తానంటా ఉండావు. ఇచ్చేది నువ్వే గదన్నా."

ఈ మాటకు జవాబు ఏ అధికరణంలోనైనా ఉందేమోనని నేను చాలా ఏళ్లు చూశాను.

ఆ అక్టోబరు ఇరవయ్యో తేదీన చైనా యుద్ధం మొదలైంది. దేశం ఆపదలో ఉందని మద్రాసులో ద్రావిడనాడు మాట పక్కన పెట్టారు; కరపత్రాలు రావడం తగ్గింది. పెద్దమనుషులు కూర్చుని తోపు వాడికీ, పొలంలో ఎక్కువ భాగం నాకూ పంచారు. తమ్ముడు కాపురముండే తూర్పు గదిలో మరదలు వేరే పొయ్యి వేసుకుంది. 1963 అక్టోబరు ఐదున పదహారో రాజ్యాంగ సవరణ వచ్చింది. దేశ సార్వభౌమత్వాన్నీ సమగ్రతనూ కాపాడతామని ప్రమాణం చేయనిదే ఎవరూ శాసనసభకు పోటీ చేయడానికి వీల్లేదు. పత్రికలో అది నేనే వాడికి చదివి వినిపించాను.

"దేశానికి తలుపేసినారన్నమాట" అన్నాడు. పత్రిక అడిగి తీసుకుని, తన గదికి వెళ్లాడు.

ఆ చలికాలంలో మరదలు కాన్పుకని పుట్టింటికి వెళ్లింది. అమ్మ పట్టుబట్టగా తమ్ముడు మా వైపే భోజనానికి వచ్చాడు. తన పాత చోటే, నా పక్కనే కూర్చున్నాడు. వేరుపడక ముందు ఆ ఇంట్లో వాణ్ణి ఎంత కావాలని ఎవరూ అడిగేవాళ్లు కాదు. గిన్నె తన వైపు లాక్కుని వడ్డించుకునేవాడు. ఆ సాయంత్రం వాడి చెయ్యి గిన్నె దాకా రాలేదు. విస్తరి ఖాళీ అయినా తల వంచుకుని కూర్చున్నాడు.

అమ్మ గరిటెతో వంగింది. "మొహమాటపడబాక నాయనా, పెట్టించుకో" అంది.

పొరుగూరి నుంచి వచ్చిన చుట్టాలతో అనే మాట అది. ఎప్పుడూ ఒరేయ్ అనే పిలిచే కొడుకుతో ఎలా వచ్చిందో అమ్మకీ తెలియదు. గరిటె గాలిలోనే ఆగింది. వాడు అమ్మ ముఖం చూశాడు, నా ముఖం చూశాడు.

"నాకేం మొహమాటమమ్మా" అని రెండుసార్లు పెట్టించుకున్నాడు.

వాడు ఎంత తినగలడో ఆ ఇంట్లో అందరికీ తెలుసు. రెండోసారి పెట్టింది విస్తట్లో అలాగే ఉంది. మునుపు తన తిండి అయిపోగానే లేచి వెళ్లి చెయ్యి కడుక్కునేవాడు. ఇప్పుడు మంచినీళ్లు తాగి, ఎండిపోతున్న చేత్తో, నేను ముగించే దాకా లేవకుండా నా విస్తరి వైపు చూస్తూ కూర్చున్నాడు. నేను తొందరతొందరగా తినసాగాను.